తుడిచేయమన్న కబురు

తుడిచేస్తే పోవాలి కదా నాయనా. పలక మీది రాత పోతుంది, గోడ మీది బొగ్గు గీతా పోతుంది. మీ లోకంలో మాత్రం ఒకచోట తుడిస్తే పదిచోట్ల మిగులుతుందా?

నువ్వు పని ఆపకు. ఆ కంప్యూటర్ పెట్టెను బాగుచేస్తూనే విను.

అసలు ఆ ఫోటోలో ఏముందని? మనవరాలు, వాళ్ళమ్మ కుట్టిన కొత్త గౌను వేసుకుని మా మెట్ల మీద నిలబడింది. మా అమ్మాయి గడప లోపలి నుంచి తీసింది. వెనకాల, రోడ్డవతల మందుల షాపు బోర్డు పడింది. షాపు పేరు, వీధి పేరు, అన్నీ.

కుట్టుపని వాళ్ళ కోసం నువ్వు నడుపుతున్నావే, ఆ సర్వర్‌లో పెట్టింది. పదిమంది చూస్తే నాలుగు గౌన్ల పని వస్తుందని ఆశ. పెట్టాక గానీ బోర్డు కనపడలేదు దానికి. వెంటనే తీసేసింది. "పోయిందమ్మా, ఇంక భయం లేదు" అంది.

మా అల్లుడి సంగతి నీకు వేరే చెప్పాలా? మా అమ్మాయి మెడ మీద అతను చేసిన మచ్చ చూసే కదా, నువ్వు ఏమీ అడక్కుండా ఊరుకున్నావు. మేమిక్కడ ఉన్నామని అతనికి తెలియకూడదనే ఇన్ని పాట్లు.

నాకే నమ్మకం కుదరలేదు. ఆ ఫోటోలన్నీ ఈ పై గదిలో నీ పెట్టెలోనే ఉంటాయని, అది గొంతుదాకా నిండిపోయిందని నువ్వే అన్నావు ఓసారి. నిన్న బయటికి వెళ్తూ తాళం మా దగ్గరే ఇచ్చావు. పైకొచ్చి ప్లగ్గు పీకేశాను. వేరు కోస్తే చెట్టు చావదా అనుకున్నాను.

నీ దగ్గర పెట్టిన ఫోటోను వేరేవాళ్ళు నడిపే సర్వర్లు కూడా కాపీ చేసి ఉంచుకుంటాయని, నీ పెట్టె అప్పుడే వాటికి కబురు పంపుతోందని నాకేం తెలుసు? 'మా దగ్గర తీసేశారు, మీ కాపీ కూడా తీసేయండి' అని ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతోందట. సగంలో దాని నోరు నొక్కేశాను. ఇప్పుడేమో లేవనంటోంది.

మరి కబురందని వాళ్ళు? ఊఁ. చిన్నవాళ్ళు చోటు చాలక పరాయి ఫోటోలు వారానికోసారి ఊడ్చేస్తారు. సరే. ఆ పెద్ద సర్వరు వాళ్ళో? చోటుకి కొదవ లేదు, ఏదీ పారెయ్యరు. కబురందినా వినాలని రూలు కూడా లేదంటావు.

మా అల్లుడు వాటిలో ఏ సర్వర్లో ఉన్నాడు?

తల దించుకోకు. అర్థమైంది, ఆ పెద్దదాంట్లోనే.

దాన్ని నడిపే మనిషికి రాశావా? జవాబు రాలేదా.

జన్మలో ఒకరి కొంప మునగాలని కోరుకోలేదు నేను. ఇవాళ మొహం తెలియని వాడి డిస్కు నిండిపోవాలని దండం పెట్టుకుంటున్నాను. ఇదీ నా బతుకు.

ప్లగ్గు పీకింది నేనని మా అమ్మాయికింకా చెప్పలేదు. పోయిందనే అనుకుంటోంది. ఇక్కడికొచ్చాక ఇవాళే మొదటిసారి, పాపను తనే బడికి నడిపించుకెళ్ళింది. మొహానికి గుడ్డ కట్టుకోకుండా.

ఎదురెళ్ళి ఈ మాట చెప్దామంటే కాళ్ళు రావడం లేదు నాయనా.