పసుపు అంటిన చీర

కార్డు ఇస్త సార్, ఎక్కడికీ ఉరుకుత లేను. మెడలకెల్లి తియ్యనియ్యుండ్రి. జర నిలబడేసరికే పరేషాన్ అయితుండ్రా? కరీంనగర్‌ల ఇంత పెద్ద మాల్, చీరల కౌంటర్ కాడ పొద్దంత నిలబడ్డది నేను. మేనేజర్ సారు, మీకు కుర్సీ ఉంటది, ఈ రోజారాణికి ఉంటదా? గిరాకి లేకున్నా కూసోవద్దని కంపెనీ రూలాయె.

ఏమంటున్నరు? చీర ఖరాబు చేసిన అంటరా?

చేసిన. కెమెరాల మంచిగ పడ్డది. హైదరాబాదుల పెద్దసార్లు చూసిర్రు. చొప్పదండి కెల్లి వచ్చినామె ఎర్ర పట్టుచీర పట్టుకున్నది, నేను పసుపు గిన్నెల వేలు ముంచి కొంగు మూలకు పసుపు పెట్టిన. బిల్లు కాకముందే. మాటలు మాత్రం పడలే. గా కెమెరాకు చెవులు లేవు సార్.

ఉంటె మీ మాట పడుతుండె. పండుగ ముంగట మమ్ముల మెట్ల కాడ నిలబెట్టి ఏం చెప్పిర్రు? "చీర నచ్చినట్టు కొడితె చాలు, ముందే పసుపు పెట్టుండ్రి. బిడ్డ పేరు చెప్పి పసుపు పెట్టినంక ఏ తల్లీ వదిలి పోదు." మస్తు తెలివి మీది. మా ఇండ్లల్ల కొత్తబట్టకు ఒకల పేరు మీద పసుపు పెడితె ఇగ అది గా మనిషిదే, వేరేటోళ్లు కడితె అరిష్టం. దాన్ని పట్టుకొని మీరు గిరాకిని కట్టేసుడు మొదలువెట్టిర్రు. నేనూ కట్టేసిన, అబద్ధమెందుకు? ఎంతమందో ముఖం చిన్నబుచ్చుకొని బిల్లు కట్టి పోయిర్రు.

గామె కట్టలే. బిడ్డ పేరు అడిగిన, నవ్యశ్రీ అన్నది. పసుపు పెట్టిన. అంతల పెనిమిటి ఫోన్ చేసిండు. ఏమన్నడో ఏమో, చీర అక్కడనే పెట్టి కండ్లు తుడుచుకుంట పోయింది. గామె మొఖం ఇంకా నా కండ్లల్లనే ఉన్నది. మీకేమో చీర ఫికర్.

గా చీరనే మీరు డ్రైక్లీనింగ్ చేయించి తెచ్చిర్రు. కట్ట నడుమ పెట్టుమన్నరు. పరాయి పిల్ల పేరు మీద పసుపు పెట్టింది, వద్దు సార్ అన్న. ఎవలో ఒకలు తీసుకపోతరు, నీకెందుకు అన్నరు. పెట్టిన.

నిన్న పొద్దుగాల హైదరాబాదు కెల్లి ఫోనొస్తె ఏమన్నరు? నాకు తెల్వది, గా కౌంటర్ పిల్ల సొంతంగ చేసింది అన్నరు. నా ముంగటనే అన్నరు. బట్ట నేసే సాంచెలు బందయి మా ఆయన ఇంట్ల కూసున్నడని, గీ నౌకరి పోతె మా పొయ్యి అంటుకోదని మీకు తెల్వదా? తెలిసే అన్నరు. మీ మొఖం చూస్తె నాకు ఒళ్లు మండుతది సార్.

ఇగో కార్డు.

ఆగుండ్రి, ఇంకొక మాట. నిన్న పొద్దూకినంక మీ బిడ్డ సృజన నిశ్చితార్థానికని ఎర్రచీరల కట్ట విప్పిచ్చిర్రు గద. పైవాటి మీద అందరి చేతులు పడ్డయి, నడుమది తియ్యి అన్నరు. తీసిన.

అవును సార్, గదే చీర.

కొంగు మూల విప్పితె పసుపు మరక సన్నగ కనపడతది. మీరు విప్పలే. చెప్దామని నోటిదాక వచ్చింది. పిల్ల మీద నాకేం కోపం? ఫోన్ల మీరన్న మాట యాదికొచ్చింది. ఊకున్న. మంచిగ డబ్బల పెట్టి, రిబ్బన్ కట్టి మీ చేతులనే పెట్టిన.

ఇయ్యాల పొద్దున సృజన గదే కట్టుకున్నదట గద? కూసోండ్రి, మీకు కుర్సీ ఉన్నది. ఎవలో ఒకలు తీసుకపోతరని మీరే అన్నరు సార్.