గేటు దగ్గర ఘటం

కిరండుల్‌లో అమ్మవారి పండగనాడు ఊరేగింపంతా రైలు గేటు దాటిపోయాక, ఇనపరాయి గూడ్సు వచ్చి అడ్డంగా ఆగిపోయింది. వెనకబడ్డ భార్యాభర్తలిద్దరూ ఇవతలే ఉండిపోయారు. ఆమె నెత్తిమీద ఘటం. గుడి చేరేదాకా అది నేల తాకకూడదు.

“మావా, గేటు పడింది, ఇంక ఘటమూ పడిపోద్ది. మెడ లాగేస్తంది, నువ్వందుకో.”

“కాసేపాగే. బండి ఇప్పుడే కదిలిపోద్ది.”

“అరగంట నుంచీ అదే మాట. అందుకోవేటి?”

“పొద్దున... పక్కింట్లో ఎండుచేప తిన్నానే.”

“మొక్కు రోజున ముక్కా! ఎవుడి ఇరిగిన కాలు అతుక్కోవాలని మొక్కానయ్యా?”

“నాదే.”

“ఆ కాలితోనే పరిగెత్తు. బోరింగు కింద తానం చేసి తడిబట్టల్తో రా. తప్పు కాయమని అమ్మని నేనడుగుతాను.”

అతను నీళ్లోడుతూ వచ్చి తల వంచాడు.

“ఇటియ్యే. అదిగో, బండి కదిలింది!”

“కదలనీ. గుడిదాకా నువ్వే మొయ్యి.”