పాలలో పూత మందు

నా పేరు, నా భర్త పేరు పైన రాసుకున్నారు. నా వయసు ముప్పై ఒకటి. పెళ్ళై ఆరేళ్ళు, పిల్లలు లేరు. మాకు బ్లూబెర్రీ తోట ఉంది. కాయలు ఏరి డబ్బాల్లో సర్దే పని నాది. ఎవరూ నేర్పకుండా, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

ఈసారి ముసురుకు తేనెటీగలు తోట వైపు రాలేదు. పూసిన పూత పూసినట్టే రాలిపోతుంటే మా వారు మందుల కొట్టాయన్ని పిలుచుకొచ్చారు. ఆయన ఒక హార్మోను సీసా ఇచ్చి పూత మీద పిచికారీ చేయమన్నాడు. ఈగ వాలకపోయినా కాయ నిలుస్తుందని, కాకపోతే కాయ చిన్నదై గింజ సరిగా కట్టదని చెప్పాడు.

మా అత్త ఆ సీసాను తిప్పి తిప్పి చూసింది.

“మనుషులకు పనిచేయదా బాబూ?”

“మీద పడితేనే కడుక్కోవాలమ్మా, తాగుతారా ఎవరైనా?” అని ఆయన నవ్వాడు. మేమంతా నవ్వాం. నేనూ నవ్వాను.

పిందె బాగా నిలిచింది. ఆ తర్వాతే అత్త రోజూ పొద్దున్నే నాకు పాలు కలిపివ్వడం మొదలుపెట్టింది. జ్వరమొచ్చి పడుకున్నా పలకరించని మనిషి. ఇన్నాళ్ళకు మనసు కరిగిందనుకున్నాను. పాలకు ఏదో వాసన ఉండేది. అయినా తాగాను. ఆమె ఎదురుగా నిలబడి చూస్తుంటే చుక్క మిగల్చకుండా తాగాను.

మంగళవారం పొద్దున ఏడింటికి నేను వంటింట్లోకి వెళ్ళేసరికి అత్త ఆ సీసా మూతతో కొలిచి నా గ్లాసులో పోస్తోంది.

“ఏంటత్తయ్యా అది?”

“అరవకే తల్లీ. మోడులాంటి కొమ్మలకే కాయలు నిలిపింది, నీ కడుపు పండించదా?”

పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. మా వారు వచ్చి వీపు నిమిరారు. మీ అమ్మ పాలలో తోట మందు కలుపుతోందని చెప్పాను.

“మూతెడేగా! చెట్లకేమైనా అయిందా?”

తెలుసన్నమాట. ఆ చెయ్యి ఇంకా నా వీపు మీదే ఉంది. తీయమన్నాను.

“మీ పాలలోనూ కలుపుతోందా?”

“నాకెందుకే? నాకేమైందని?”

‘మా వారు’ అని ఇక రాయకండి, ‘అతను’ చాలు. డాక్టరు ఇద్దరికీ పరీక్షలు రాస్తే, రెండుసార్లూ బస్సు ఎక్కి మధ్యలో దిగిపోయిన మనిషి అతను.

గ్లాసు మీద పళ్ళెం మూసి, సీసాతో సహా ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రక్తం తీశారు. ఇంకా ఏమీ చెప్పలేదు. అక్కణ్ణుంచి నేరుగా ఈ పోలీసు స్టేషనుకు వచ్చాను. అత్త ఇప్పుడు బయట బెంచీ మీద కూర్చుని, దాని మంచికేగా అంటూ ఏడుస్తోంది. దొంగ ఏడుపు కాదు. అందుకే మరీ రోతగా ఉంది. ఇంటి గొడవ, సర్దుకుపొమ్మని మీ రైటరుగారు అన్నారు. నేను ఆ ఇంటికి వెళ్ళను.

ఈ వాంగ్మూలం నాకు చదివి వినిపించారు. అందులో ‘తెలియక కలిపింది’ అని ఉంది. ఆ మాట నేను అనలేదు. కొట్టేయించి ‘తెలిసే కలిపింది’ అని రాయించాను. మిగతాదంతా నా నోటితో చెప్పిందే, నాకు జరిగిందే.

(సంతకం)