పడవెక్కిన తలుపు

పెరడంతా పడవే. దాని కడుపులో ఎక్కడో ఆయన సుత్తి మోగుతోంది. కింద, తువ్వాలు భుజాన వేసుకుని, ఆయన భార్య.

"ఏమండీ! స్నానాలగది తలుపేదీ?"

"ఏ తలుపు?"

"ఏ తలుపేమిటి! మనింట్లో పది స్నానాలగదులున్నాయా? పొద్దున ఉంది. ఇప్పుడు చూస్తే మడతబందులు మాత్రం వేలాడుతున్నాయి."

"ఉంటుందిలే. ఎక్కడికి పోతుంది?"

"అదే అడుగుతున్నాను. కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

"కాస్త ఆగవే. రెజిన్ బంక కలిపాను, గడ్డ కట్టేస్తుంది."

"కట్టనివ్వండి. నాకేం కొత్తా? నిన్న గరిటె ఎత్తితే గిన్నె కూడా లేచొచ్చింది! నా గరిటెతోనా ఆ బంక కలపడం? ఛీ!"

"కడిగి పెట్టేశాను కదా."

"దేంతో కడిగారు?"

"...రంగులో కలిపే థిన్నర్‌తో."

"దాంతోనే రాత్రి వడ్డించాను."

"అదీ సంగతి. కాస్త ఘాటెక్కిందేమిటా అనుకున్నాను."

"ఛీ ఛీ! పెరుగులో రంపపుపొట్టు, దిండు మీద రంపపుపొట్టు, మీరు తుమ్మితే రంపపుపొట్టు. వల వెయ్యడం రాదు, చేపని ముట్టుకోవడం రాదు, చేపల పడవ మాత్రం కావాలి!"

"చేపల పడవ కాదే బాబూ. ట్రాలర్ ఆకారంలో ఇల్లు. పైన కేబిను, లోపల పడక, వంటకి చోటు. చూడ్డానికి మాత్రమే చేపల పడవ."

"వాసనకి కూడాను. తలుపేదీ?"

"వచ్చేవారం క్రేను వస్తుంది. ఎత్తి నదిలో పెట్టేస్తారు, అక్కణ్ణుంచి సముద్రమే. ఆ తర్వాత ఆర్నెల్లు నా మొహం నీకు కనబడదు, సరేనా?"

"పీడా విరగడవుతుంది. తలుపు!"

"...ఇక్కడుంది."

"ఇక్కడంటే?"

"పడవలో. పాయిఖానాకి. కొత్తది కొలతకి దొరకలేదు. ఇదేమో అచ్చు కొలిచి చేసినట్టు..."

"నిచ్చెన పట్టుకోండి."

"నువ్వా? పైకా? ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు..."

"పట్టుకోమన్నానా! ఛీ, చెయ్యి అంటుకుపోయింది. ఏమిటిది?"

"ఆ కమ్మీ మాత్రం పట్టుకోకు, తడి... పట్టుకున్నావా. సరే."

"అమ్మమ్మమ్మ, ఏం కంపు! ఎలా ఊపిరి తీస్తారండీ ఇందులో? ...ఇది నా వంటింటి చిన్న కిటికీ కాదూ?"

"ఎప్పుడూ మూసే ఉంటుంది కదా అని."

"నేను మూశాననుకున్నాను, మీరు పీకేసి దాని చోట పలక బిగించేశారా! ఈ అర నా బీరువాలోది. అయ్యో, నా అద్దం! పక్కింటావిడ తీసుకుందనుకుని ఆవిడతో మాటలే మానేశాను!"

"చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు, సముద్రంలోంచా? ఇల్లంతా తెచ్చి ఇందులో ఎక్కించారు. స్టవ్వు, బిందె, కంచం... ఇదేమిటి, కంచం ఒకటే ఉంది?"

"చాలదూ?"

"గ్లాసూ ఒకటే."

"కడుక్కోవడం సుళువు."

"మంచం?"

"అదిగో. నా పొడుగుకి సరిగ్గా..."

"ఒకటే మంచం."

"ఒక్కణ్ణేగా ఉండేది."

"ఒక్కరే."

"ఏమిటే అలా చూస్తావు? పొట్టు కంట్లో పడిందా?"

"ఇంట్లో ఉన్నవన్నీ ఎక్కించుకున్నారు. నన్ను తప్ప."

"నువ్వు రానన్నావు కదే!"

"ఎప్పుడన్నాను?"

"మొదటి చెక్క కోసిన రోజునే అడిగాను. మనిద్దరం ఇందులో పోదామా అని. ఛీ అన్నావు."

"ఛీ అంటే రాననా?"

"మరేమిటి?"

"మిమ్మల్ని మొదటిసారి చూసినరోజు, ఆ మీసం చూసి మా అక్కతో ఏమన్నానో తెలుసా?"

"ఏమన్నావు?"

"ఛీ అన్నాను."

"నాకెవరూ చెప్పలేదే!"

"పాతికేళ్ళుగా ఛీ అంటూనే కాపురం చేస్తున్నాను. ఆ ఒక్క ఛీ పట్టుకుని ఒంటిమంచం చేసుకున్నారా? మళ్ళీ అడగడానికి నోట్లో బంక పోసుకున్నారా?"

"భయమేసింది. రెండోసారి కూడా ఛీ అంటావేమోనని."

"ఆ తలుపు ఊడదియ్యండి."

"తీస్తాను, తీస్తాను. ఇప్పుడే ఇంట్లో బిగించేస్తాను. నువ్వెళ్ళి నీళ్ళు తోడుకో..."

"ఇంట్లో ఎందుకు? ఇదిగో, ఈ గోడ పక్కన పడుకోబెట్టి బిగించండి. నా పొడుగుకి సరిపోతుంది."

"మంచంలాగానా?"

"గొళ్ళెం పీకేసి. నడుముకి గుచ్చుకుంటుంది."

"మరి పాయిఖానాకి తలుపు?"

"దుప్పటి కట్టండి."

"అయితే... వస్తావా?"

"ఛీ!"