సాక్ష్యం విన్న సారక్క

చర్చిలో సాక్ష్యం చెప్పి వచ్చిన దగ్గర్నుంచి అతను ఒక్కచోట కూర్చోలేకపోతున్నాడు. చివరికి భార్యను అడిగాడు.

"నా సాక్ష్యం ఎట్లున్నది?"

"ఆ రోజు బొగ్గుబాయిలకు పోకుండ దేవుడే నిన్ను ఆపిండన్నవు."

"ఆపలేదా మరి? పోతే కప్పు నా మీదనే కూలేది."

"నీ బదులు పోయిన రాజమన్న మీద కూలింది. కాలు తీసేసిన్రు. ఒక్క షిఫ్టు పొమ్మని బతిమాలింది నువ్వే."

"గిట్లయితదని నాకెట్ల తెలుస్తది?"

"ఆయన పెండ్లాం సారక్క ఇయ్యాల నా పక్కనే కూసున్నది."

అతను గోడకు ఆనుకున్నాడు.

"ఏమన్నది?"

"అందరితోని ఆమెన్ అన్నది. లేసేటప్పుడు, 'మా ఆయనను దేవుడెందుకు ఆపలే చెల్లె' అని అడిగింది."

"నువ్వేం చెప్పినవు?"

"నిన్నే అడుగుమన్న. దవాఖానల ఆయన దగ్గర ఉన్నది, పో."

అతను ఒక కాలికి చెప్పు తొడిగి, రెండో చెప్పును చూస్తూ ఆగిపోయాడు.