ఎల్లేశం ముంగట దుర్గవ్వ

గోదారి గడ్డ మీదికి నడువబోతున్నవా బిడ్డా? జర కూసో, చాయ్ తాగి పో. గా తొవ్వ పేరెత్తితె నాకు దుర్గవ్వనే యాదికొస్తది. నువ్వు చూడలే ఆమెను. హుజూరాబాద్ దిక్కు నుంచి వచ్చిండ్రు ఆలుమొగలు, ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తల. పెనిమిటి ఎల్లేశం బొగ్గుబాయిల పట్టాల మీది బొగ్గు టబ్బులు నూకేటోడు. పొద్దంత భూమి కడుపుల ఉన్న మనిషాయె, పొద్దూకంగ గోదారి గాలి తాకకుంటె బుక్క దిగకపోవు. గప్పుడు మొగడు ముంగట, పెండ్లాం ఎనుక నడుసుడు గదా? ఈమె ఉల్టా! తనే ముంగట, కాళ్ళ కడియాలు గల్లుగల్లుమనుకుంట, రాణి లెక్క. నవ్వనోడు లేడు. హోటల్ బాబు మియా ఉండె గదా, ఆయన నోరు ఊకుంటదా? "ఏం దుర్గవ్వా, మా ఎల్లేశాన్ని తాడు కట్టి గుంజుకపోతున్నవా?" అనేటోడు. "కట్టకున్నా వస్తడు మియా! నీ బీబీ పిలిస్తె నువ్వు ఉరుకవా?" అనేది ఈమె. హోటలంత ఒకటే నవ్వు.

ఏడున్న... ఆఁ, ముసురు దినాలు. రేవు కాడ అంత బురద. కడియాల నడుమ బురద పట్టి చప్పుడు బందయింది. ఎల్లేశం ఆడనే నిలబడ్డడు. రెండు చేతులు చాపి గాలిని తడుముతుండు. "దుర్గీ, యాడున్నవే?" అంటుండు. ఆమె చేతికందేటంత దూరంలనే ఉన్నది! చాయ్ నీళ్ళకని బిందె పట్టుకొచ్చిన బాబు మియా అంత చూసిండు. దుర్గవ్వ మియాకు అడ్డమొచ్చింది. "అన్నా, నీ కాళ్ళు మొక్కుత. పొద్దూకితె ఆయనకు కండ్లు కానరావు. బాయి మీద తెలిస్తె పని పోతది, క్వార్టర్ పోతది. నడుసుడు బంద్ జేస్తె ఎందుకని అందరు అడుగుతరు" అన్నదట. మరి బాయి లోపల ఎట్లనంటవా? ఆడ పట్టాలుంటయి, టబ్బు పట్టుకొని పోతడు. గోదారి కాడ పట్టాలు ఎవలేసిండ్రు బిడ్డా?

"ఫికర్ చెయ్యకు బహెన్" అన్నడు మియా. తెల్లారి పొద్దూకంగ ఇద్దరు వస్తుంటె, ఎప్పటికంటె గట్టిగ ఒర్లిండు, "అరే, చూడుండ్రి! రాణిగారి సవారీ వస్తుంది!" అని. హోటలంత నవ్వింది. దుర్గవ్వ గూడ నవ్వింది, కొంగుతోని కండ్లొత్తుకుంట. గట్లనే రోజు నవ్వించుకుంట దాసిండు ఆ ముచ్చట. ఎల్లేశం బాయి పని ఇడిసినంకనే మియా నాకు చెప్పిండు.

ఎల్లేశం పోయినంక గూడ ఆమె నడుసుడు ఇడువలే. ఒక్కతే. రేవు దిగే కాడ రాయున్నది గదా, ఆడ ఆగేది. ఎనుకకు మర్రి చూడకుంటనే అనేది, "పైలం, కాలు తట్టుకుంటది, రాయున్నది..."

చాయ్ సల్లగయింది, తాగు. పొద్దూకుతుంది, టార్చిలైటు పట్టుకపో.