నోరు కనవడే అద్దం

"తాతా, రేపు నాకు కారు పక్కా లైసెన్స్ టెస్ట్. నీకు అప్పట్ల ఎట్ల ఇచ్చిన్రు? చెప్పు, ఫోన్ల రికార్డ్ చేస్త."

రికార్డా? ఎందుకు బిడ్డా, ఎవలు వింటరు దాన్ని? మీ కాలేజోల్లకు పంపుతవా ఏంది? లేదా? ఒట్టేనా? సరే. ముందుగాల గా లైట్ ఎయ్యి. పక్కకు కాదు, నా ముంగట కూసో. ఫోన్ మూతికాడ పెట్టకు, నీ మూతి కనవడాలె నాకు. మీ నాయినమ్మ ఏది? కూరగాయలకు పోయిందా? మంచిది. తలుపు దగ్గరికెయ్యి. అందరు వినే ముచ్చట కాదు ఇది.

నేను సూరత్‌కు అచ్చినప్పుడు మా మేనమామ కొడుకు తోల్కచ్చిండు... కాదు కాదు, ఆయన ఎనుక అచ్చిండు. సిరిసిల్ల దిక్కోల్లం నలుగురం అచ్చినం. సూరత్‌ల ఉధనా దిక్కు సాంచాల కార్ఖానా, బట్ట నేసే మరమగ్గాలు. నువ్వు చూడలె గద సాంచాలు నడుస్తుంటే? పక్కన నిలవడి గొంతు పోయేటట్టు అరిసినా ఇనవడది. గందుకే అండ్ల అందరం చేతులతోని మాట్లాడుదుము. రెండు చేతి ఏళ్లు మూతి మీద పెడితే చాయకు పోదామని. మెడ మీద ఏలుతోని గీస్తే పోగు తెగిందని. అరచెయ్యి నెత్తి మీద పెడితే సేటు అస్తున్నడని. మూతి చూసి మాట పట్టుడు గూడ అక్కడ్నే నేర్సుకున్న. మీ నాయినమ్మ గదే కార్ఖానాల నూలు కండెలు చుట్టేది. లగ్గమైన కొత్తల మా ముచ్చట్లన్ని చేతులతోనే. కొట్లాట గూడ చేతులతోనే, నవ్వకు.

చెవులు ఎప్పుడు పోయినయో నాకే ఎరుక లేదు. ఒకనాడు కరెంటు పోయింది, సాంచాలన్ని బందైనయ్. అందరు ఆకిట్ల కూసోని మాట్లాడుకుంటున్నరు. నాకేమో ఇంకా సాంచాలు నడుస్తున్నట్టే ఉన్నది. గప్పుడు తెల్సింది. ఎవలకు చెప్పలె. చెప్తే ఏమైతది? ముందుగాల పాపం అంటరు, తర్వాత పని ఇయ్యరు. మీ నాయినమ్మకు ఒక్కదానికే ఎరుక.

కొన్నేండ్లకు దమ్ము పట్టింది. దూది దుమ్ము గద, డాక్టర్ సాంచాలు ఇడిసిపెట్టుమన్నడు. టెంపో నడుపుడు నేర్సుకున్న. కార్ఖానాల నుంచి తానులు మార్కెట్‌ల ఏసే టెంపో. నడుపుడు సులువే, లైసెన్సే మస్తు కష్టం. మగన్‌భాయ్ అని ఒక ఏజెంటును పట్టుకున్న. ఎప్పుడు నవ్వుకుంటనే మాట్లాడేటోడు. గట్ల నవ్వేటోన్ని నేను నమ్మ. పైంగ దవడల మావా, గదే పొగాకు కలిపిన వక్కపొడి. మావా పెట్టుకున్నోని మూతి కదలది, నాకు మాట దొరకది. సంతకం పెట్టుమన్న కాడల్లా, పైన ఖాళీ జాగ ఉంటే దాని మీద గీత కొట్టకుంట పెట్టలె. ఆయన తలకాయ కొట్టుకున్నడు. ఫారం మీద ఒక సవాలు ఉంటది, చెవులు మంచిగ ఇనవడుతయా అని. నన్ను అడగకనే, ఇనవడుతయ్ అని రాసిండు. నాకు అదొక అనుమానం. వీడు ఎందుకు అడుగలె? వీనికి నా సంగతి ఎవలన్న చెప్పిన్రా? రెండు రాత్రులు నిద్ర పట్టలె.

లైసెన్స్ కాగితం రాసే డాక్టర్ ముంగటనే కూసోని అడిగిండు, మూతి చూసి అన్నిటికి చెప్పిన. తిప్పలంత టెస్ట్ కాడ అచ్చింది. ఇప్పటి లెక్క కెమెరాలు, ట్రాకు లేకుండె. ఆర్టీవో సాబ్ అచ్చి పక్క సీట్ల కూసునేది. పక్కన కూసున్నోని మూతి నాకెట్ల కనవడాలె? తొవ్వ దిక్కు చూడన్నా, ఆయన దిక్కు చూడన్నా? గప్పుడు చెయ్యి వెట్టి, ముంగట ఉంటది గద అద్దం, దాన్ని ఆయన మూతి దిక్కు తిప్పిన. "అద్దం ఇటెందుకు తిప్పినవ్?" అన్నడు. "సాబ్, ఎండ కండ్లల్ల కొడుతున్నది" అన్న. ఆనాడు మొగులు పట్టి ఉన్నది బిడ్డా. ఆయన ఆకాశం దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "రివర్స్" అని అద్దంల కనవడ్డది. తలకాయ బయట పెట్టి, ఎనుకకు మంచిగ చూసుకుంట తీసిన. పాసైన. గట్ల తలకాయ బయట పెట్టి చూసుడు ఆనాటి భయానికి చేసిన. జర ధైర్యం అచ్చినంక మరిసిన. గది యాది పెట్టుకో, ఎందుకో చెప్త.

లైసెన్స్ అచ్చినంక దాన్ని కాపాడుడు ఇంకో పని. అప్పట్ల మూడేండ్లకోసారి డాక్టర్ కాగితం పెట్టి మల్ల చేపియ్యాలె. ప్రతిసారి పానం పోయి అచ్చేది. అంగి లోపట జేబు కుట్టిచ్చి, అండ్ల లైసెన్స్ పెట్టి పిన్నీసు పెడుదును. తానం చేస్తే తువ్వాల కింద. "నన్ను గూడ గింత జాగర్తగ చూసుకోలేదు" అని మీ నాయినమ్మ అనేది. బండిల అద్దం మాత్రం గట్లనే ఉండె, ఎప్పుడు పక్క సీటు దిక్కే. ఎవలు ఎక్కినా ముందు ఆల్ల మూతి కనవడేటట్టు సరిజేస్తుంటి. ఎవలన్న మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఇగ అయిపాయె, నా మీదనే చెప్తున్నడు అనుకునేది. మల్లేశం తాత లేడా, మీ నాయినమ్మ తమ్ముడు? నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటడు. ఆయనకు పండ్లు వంకర, గందుకు. నేనేమో, నా చెవుల సంగతి చెప్పి నవ్వుతున్నడని ఇరువై ఏండ్లు మొఖం మాడ్చుకున్న.

ఏమన్నవ్? మెల్లగ అను, మూతి తిప్పకు. చెవి మిషనా? పెట్టుకున్న ఒకసారి. నెత్తిల సాంచాలు ఇంకింత మొత్తుకున్నయ్. తీసి పెట్టిన.

ఇగ కరోనా మాస్కుల ఏడాది అచ్చింది. అందరికి రోగం భయం, నాకు మాస్కు భయం. ఊరు ఊరంత మూతులు మూసుకున్నది. పోలీసాయన ఆపి ఏమడుగుతున్నడో తెల్వది, అన్ని కాగితాలు తీసి చేతుల పెడుదును. గదే ఏడాది లైసెన్స్ తారీఖు దగ్గరవడ్డది. అడాజన్ దిక్కు ఒక డాక్టర్, ఆయన కాగితం రాస్తెనే పని అయితది, ఆయనకు మాస్కు ఉంటది. ఏం చెయ్యాలె? మీ నాయినమ్మకు చెప్పిన. "నువ్వు డాక్టర్ ఎనుక నిలవడు. ఆయన ఏమడిగితే గది చేతులతోని నాకు చెప్పు, కార్ఖానాల లెక్క." వారం రోజులు ఇంట్ల నేర్సుకున్నం. వయసుకు గిట్ల, చెవులకు గిట్ల, కండ్లకు గిట్ల అని. నువ్వు గూడ చూసి పడి పడి నవ్వినవ్.

గా వారంలనే ఇంకొకటి అయింది. కోసాడ్‌ల మన గల్లీల బండి ఎనుకకు తీస్తున్న. ఖాళీ బండి. మీ నాయినమ్మ పక్కన కూసున్నది. అద్దంల ఆమె నోరు పెద్దగ తెరిసింది, ఆగు అని. బ్రేకు తొక్కిన. చక్రం కింద ఏందో కటుక్కుమన్నట్టు తెల్సింది. ఆమె దిగి ఎనుకకు పోయింది, అచ్చింది. "ఏం లేదు, గటర్ మూత పలిగింది, పా" అన్నది. ఊరందరి మీద అనుమానం పెట్టుకునేటోన్ని, గా ఒక్క మాట నమ్మిన. దిగి గూడ చూడలె.

పొద్దుమూకి ఇంటికస్తే నీ సైకిల్ లేదు. నీ మోకాలికి పట్టి కట్టి ఉన్నది. మెట్ల మీద పడ్డ అన్నవ్. సైకిల్ ఎవలో ఎత్కపోయిన్రు అన్నది మీ నాయినమ్మ. ఇగ నాకు పక్కింటి బిశ్వనాథ్ మీద పడ్డది. ఎందుకంటే, ఆయన గూడ మావా పెట్టుకుంటడు, మూతి కదలది. గంతే, ఇంకేం లేదు. ఆయన తలుపు ముంగట నిలవడి నానా మాటలన్న. ఆయన ఒడియా మనిషి, నా తెలుగు సగం తెల్వది, తిట్లు మాత్రం మంచిగ తెల్సినట్టున్నయ్. తలుపేసుకున్నడు. ఐదేండ్లు ఎదురువడ్డా ఆయన మొఖం చూడలె నేను.

డాక్టర్ కాడికి పోయినం. ఆయన అడుగుతున్నడు, మాస్కు కదులుతున్నది. నేను మీ నాయినమ్మ దిక్కు చూసిన. చేతులు కొంగుల పెట్టుకోని నిలవడ్డది. మర్సిపోయిందా అనుకున్న. డాక్టర్ మల్ల అడిగిండు. నేను కండ్లతోని సైగ చేసిన, చేతులు తియ్యి, చేతులు తియ్యి అని. ఆమె నేల దిక్కు చూసింది. నాకు ఏం చెయ్యాల్నో తెల్వక "హా సాబ్" అన్న. నీ వయసెంత అని అడిగిండట ఆయన. ఇంకో రెండు అడిగిండు, ఆటికి గూడ హా సాబ్. ఇగ కలం తీసి గీసిండు, కాగితం ఎనుకకు ఇచ్చిండు.

అయిపాయె. లైసెన్స్ పోయింది, బండి పోయింది. బండి ఎవలు కొన్నరు? మల్లేశం. ఇగ నా మతి ఎట్ల నడుస్తది చెప్పు? అక్కాతమ్ములు ఒక్కటై నా నోటికాడి బువ్వ గుంజుకున్నరు అనుకున్న. ఎందుకు చేసినవే అని ఆమెను అడిగితే, "నాకు చేతులు రాలె" అన్నది. గంతే. కొన్ని దినాలు ఆమె పెట్టిన బువ్వ తినలె. తర్వాత తిన్న గని మాట మాత్రం ముక్తసరే. ఉప్పు లేదు, చాయ పెట్టు, గిట్ల.

ఇప్పుడు చెప్పేది చెవ్వు పెట్టి ఇను. పోయిన నెల నీకు కచ్చా లైసెన్స్, గదే లర్నింగ్ లైసెన్స్, అచ్చిన నాడు, నువ్వూ నాయినమ్మ గ్యాలరీల కూసున్నరు. నేను టీవీ చూస్తున్న అనుకున్నరు. బీరువా అద్దంల మీ ఇద్దరి మూతులు కనవడుతున్నయ్ బిడ్డా నాకు. నువ్వు అన్నవ్, "ఆ రోజు తాతా తాతా అని ఎంత మొత్తుకున్న, ఇనలేడు. సైకిల్ ఇడిసిపెట్టి దుంకిన గని లేకుంటే..." మీ నాయినమ్మ నీ మూతి మీద చెయ్యి పెట్టింది. "ఆయనకు తెల్వద్దు, తెలిస్తే ఆయన మనిషి కాడు" అన్నది. "సైకిల్ పాత సామాన్ల భంగారోనికి ఇచ్చేసిన, డాక్టర్ కాడ, ఇగ ఆయన బండి నడపొద్దని చేతులు కొంగుల కట్టేసుకున్న. ఆయన తిడితే తిట్టనీ, నువ్వున్నవ్ నాకు" అన్నది.

ఏడువకు. ఉండు, చెప్పనీ. నా కండ్ల ముంగటనే ఉండె అద్దం. ఖాళీ బండి, సక్కగ తిప్పి ఉంటే నువ్వు కనవడుదువు. నేనేమో దాన్ని జిందగి అంత మంది మూతుల దిక్కే పెట్టిన, ఎవడు నన్నేమంటున్నడా అని.

తెల్లారి బిశ్వనాథ్ ఇంటికి పోయిన. తలుపు తీసిండు. రెండు చేతులు పట్టుకున్న, సైకిల్ నేనే బండితోని తొక్కిచ్చిన అన్న. ఆయన పోయి మావా ఉమ్మేసి, మూతి కడుక్కోని అచ్చి, నా ముంగట నిలవడి మెల్లగ అన్నడు, "కాకా, చాయ్ పీయోగే?" అని, చాయ తాగుతవా అన్నట్టు. మొదటిసారి ఆయన మాట నాకు పూరా దొరికింది.

రేపు నువ్వు అద్దం తొవ్వ దిక్కు పెట్టు. రివర్స్ తీసేముందు దిగి, ఎనుకకు పోయి, ఒక్కసారి చూసి ఎక్కు. టెస్టుల దిగనియ్యరా? గట్లయితే టెస్ట్ అయినంక, మీ నాయినకున్న వ్యాన్ నువ్వు నడిపినన్ని దినాలు దిగి చూడు. ఎవలన్న నవ్వితే నవ్వనీ.

ఇది తుడిపెయ్యకు గని. ఎవలకు పంపకు అన్న గద, మీ నాయినమ్మకు ఇనిపియ్యి. నాకు మొఖం మీద చెప్పరాదు. చేతులతోని చెప్తాం అంటే, తప్పయింది అనేదానికి కార్ఖానాల సైగ లేకుండె. గసొంటి మాట అక్కడ ఎవలకు అవసరం పడలె. ఆమెకు చెవులు మంచిగున్నయ్, ఇంటది.

ఏంది, నీ కండ్లు తలుపు దిక్కు పోయినయ్? మీ నాయినమ్మ అచ్చిందా? ఉండనీ, బంద్ చెయ్యకు. సల్లగుండు బిడ్డా, నూరేండ్లు సల్లగ బతుకు. పో, తలుపు తియ్యి, సంచి బరువుంటది ఆమెకు...